పీకిన చెయ్యి ఎవరిది?

“ఆ పెన్‌డ్రైవ్‌ని నేను పీకలేదక్కా. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు,” అంది కుయ్‌హువా.

వెంగ్ సూచిన్ చేతిలోని టీ కప్పు బల్లకి జానెడు ఎత్తులోనే ఆగిపోయింది. ఠాణా గదిలో ఓ మూల కుర్చీలో మహిళా కానిస్టేబుల్ కాగితాలేవో సర్దుకుంటోంది. ఆ అమ్మాయి విన్నదో, విననట్టు నటిస్తోందో తెలియలేదు.

తైనాన్‌లో ముప్ఫై ఏళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది వెంగ్. డిటెక్టివ్ అంటే హత్యలూ ఆచూకీలూ అనుకునేరు! స్కూటరెక్కి పరాయి మొగుళ్ళ వెంటపడటం, హోటళ్ళ ముందు వానలో నిలబడి ఫోటోలు తీయటం, వాటిని కవర్లో పెట్టి వాళ్ళ పెళ్ళాల చేతికివ్వటం, ఇదీ ఆమె వ్యాపారం. మనిషి మొహంలోకి సిగ్గు ఎక్కణ్ణించి ఎక్కుతుందో ఆమెకి కంఠతా వచ్చు. ముందు మెడ, తర్వాత చెవులు. ఇప్పుడు తన చెవులు కాలుతున్నాయి.

“ఏం చూశావు నువ్వు?” అంది గొంతు తగ్గించి.

“మీరు మా ఇంటికొచ్చిన రోజు సంగతే. నేను టీ పెడుతూ వంటింట్లోంచి చూశాను. కంప్యూటర్ వెనక్కి చెయ్యి పెట్టి పెన్‌డ్రైవ్ లాగి, అరచేతిలో పట్టుకున్నారు. అంతలో గ్యాస్ అతను గేటు దగ్గర కేకేస్తే వెళ్ళిపోయాను.” కుయ్‌హువా కొంగమెడలా సన్నటి మనిషి. ఈ రెండు రోజుల్లో ఇంకా చిక్కిపోయింది. “ఇన్‌స్పెక్టర్ గారు అడిగినప్పుడు నేను చెప్పలేదు. మీరు తీశారంటే దానికేదో కారణం ఉంటుందనుకున్నా. డిటెక్టివులకి మాకు తెలియని పద్ధతులుంటాయి కదా. సమయం చూసి మీరే చెప్తారని కూర్చున్నాను.”

కారణం! ఆ మాట వెంగ్‌కి చెంపదెబ్బలా తగిలింది. కారణమూ లేదు, కాకరకాయా లేదు. చెయ్యి దురద, అంతే.

జరిగింది ఇది. కుయ్‌హువా భర్త తెంగ్ మాస్టారు బడి నుంచి రిటైరయ్యాక పిట్టల పిచ్చిలో పడ్డాడు. సముద్రం పక్కన పాలబొంత చేపల చెరువుల గట్ల మీద కెమెరాలు పెట్టి, చలికాలం వచ్చే తెడ్డుమూతి కొంగల్ని వీడియో తీసేవాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, “ఈసారి కొంగలతో పాటు లారీలు కూడా పడ్డాయే. ఫ్యాక్టరీ మురికి తెచ్చి చెరువులో దింపుతున్నారు. పొద్దున్నే పోలీసులకిస్తాను,” అన్నాడు. పొద్దున్న ఆయనే చెరువులో బోర్లా తేలాడు. కుయ్‌హువా నాలుగో రోజున వెంగ్ ఆఫీసు మెట్లెక్కి, నా మొగుణ్ణి చంపినవాణ్ణి పట్టుకోమని చేతులు పట్టుకుంది.

వెంగ్ వెంటనే వాళ్ళింటికి వెళ్ళింది. ముందు గదిలో చాలాసేపు మాట్లాడాక, కుయ్‌హువా టీ పెడతానని లేవగానే కంప్యూటర్ గదిలోకి దూరింది. తెర నల్లగా ఉంది. యంత్రం వెనకాల యూఎస్‌బీ కన్నంలో పెన్‌డ్రైవ్, దాని కొసన ఎర్ర దీపం గబగబా మిణుకుతోంది. తన ఆఫీసులో తనే యజమాని, తనే గుమాస్తా; ఇన్నేళ్ళలో ఏ పెన్‌డ్రైవ్‌నీ ఆమె మర్యాదగా తీసిన పాపాన పోలేదు. లాగటమే. ఇదీ లాగేసింది. సంచిలోంచి తన లాప్‌టాప్ తీసి దానికి గుచ్చితే, ఇందులో ఉన్నది చదవలేను, ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది లాప్‌టాప్. ఆమె వద్దని నొక్కి, పీకినదాన్ని పీకినచోటే గుచ్చేసి, పిల్లిలా వచ్చి ముందు గదిలో కూర్చుంది. కుయ్‌హువా తెచ్చిన టీ కూడా తాగింది.

ఆ సాయంత్రమే పోలీసులు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళారు. అది పాడైపోయి ఉంది. చెరువేమో కుయ్‌హువా తమ్ముడిది. తమ్ముణ్ణి కాపాడటానికి అక్కే సాక్ష్యం చెరిపేసిందన్నారు. తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ వెంగ్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరుగుతోంది.

ఇప్పుడైనా చెప్పొచ్చు. కానిస్టేబుల్ ఎదురుగానే ఉంది. వెంగ్ నోరు తెరిచింది. తీరా బయటికొచ్చింది ప్రశ్న.

“మీ ఆయన పోయిన తర్వాత, నేను వచ్చేలోపు, ఆ గదిలోకి ఎవరైనా వెళ్ళారా?”

“ఎవరు వెళ్తారక్కా? మర్నాడంతా నేను శవాల గది దగ్గరే ఉన్నా, మంత్రాలు చదివిస్తుంటే. సాయంత్రం మా పెద్దత్త ఒక్కతే ఆయన కోటు కోసం ఇంటికెళ్ళొచ్చింది. పెరటి తలుపు మేమెప్పుడూ తాళం వెయ్యం.”

“మరి యంత్రం ఆన్‌లోనే ఉందేం?”

“ఆయన ఆన్ చేసి పెట్టి వెళ్ళారు. ఆపటానికి నాకు చెయ్యి రాలేదు.” కుయ్‌హువా కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “ఆ గది నేను తుడవను కూడా తుడవను. ఆయన ఊరుకోరు. ఒక్క మాట మాత్రం అనేదాన్ని, యంత్రం అలగకుండా దాని మీద పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం గడువు చలికాలం రాకముందే, దయ్యాల నెలలోనే దాటిపోయింది, మార్చండీ అని. మారుస్తాలే అనేవారు. కొంగలొస్తే ఆయనకి ఒళ్ళు తెలియదు కదా. అది మార్చి ఉంటే ఇలా అయ్యేది కాదేమో.”

వెంగ్ టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

“అక్కా, రేపు ఆయన పోయిన ఏడో రాత్రి, పోయినవాళ్ళ ఆత్మ ఇంటికొచ్చే రాత్రి. ఆయన ఇంటికొస్తారు. దీపం పెట్టి, అన్నం పెట్టి కూర్చోవాలి. నన్ను జైల్లో వేస్తే వెయ్యమనండి, ఎల్లుండి వెయ్యమనండి. తలుపు తీసేవాళ్ళు లేక ఆయన గుమ్మంలో నిలబడిపోతే నేను బతికుండీ ఏం లాభం?”

“రేపు నువ్వు ఇంట్లో ఉంటావు,” అంది వెంగ్. ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేకపోయింది.

*

తెంగ్ మాస్టారి కంప్యూటర్ గది ఇరుకైనది. అందులో అప్పటికే ఇద్దరున్నారు. ఒకడు ఇన్‌స్పెక్టర్ చువాంగ్. చొక్కా మడత నలగనివాడు. ప్రైవేటు డిటెక్టివ్‌లంటే అతనికి పడదు, అందులో వెంగ్ అంటే మరీను. రెండోవాడు పాన్. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. బడిలో యంత్రాలూ, గుడిలో దీపాల బోర్డూ, ఠాణాలో ప్రింటరూ, ఆఖరికి వెంగ్ లాప్‌టాప్ కూడా ఏ జబ్బు చేసినా పాన్ దగ్గరికే వెళ్తాయి. తైపేలో ల్యాబ్‌కి పంపితే నెల పడుతుందని, చువాంగ్ పెన్‌డ్రైవ్‌ని ముందు అతని చేతికిచ్చి చూడమన్నాడు.

“రండి ఆంటీ, రండి,” అన్నాడు చువాంగ్. “ఈ కేసులో మొగుడు ఎవరితోనూ లేచిపోలేదు. మీకు పనేం దొరికిందా అని ఆలోచిస్తున్నా.”

“మొగుడు పోయాడు కదా బాబూ. ఎవరివల్ల పోయాడో మీకు దొరకలేదుగా, వెతుకుదామని వచ్చాను.”

“దొరికారు. బావమరిది చెరువు, పెళ్ళాం చెయ్యి. ఇంకేం కావాలి?”

“చెయ్యి అని ఎలా తేల్చారు?”

“పాన్, చెప్పవయ్యా ఆంటీకి. చిన్న మాటల్లో చెప్పు.”

పాన్ మొహమాటంగా నవ్వాడు. బొద్దుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. తన సంచిలోంచి వేరే పెన్‌డ్రైవ్ తీసి యంత్రానికి గుచ్చి, తెర మీద కింది మూల చూపించాడు.

“చూడండక్కయ్యా. ఇక్కడ చిన్న బొమ్మ కనిపిస్తోందా? పెన్‌డ్రైవ్ తియ్యాలనుకున్నప్పుడు దీన్ని నొక్కి, ఫలానాది తీస్తున్నానని చెప్పాలి. లోపల పనేదైనా మిగిలుంటే యంత్రం ముగించుకుంటుంది. ముగిశాక, ఇక తీసుకోవచ్చు అంటుంది. అప్పుడు తియ్యాలి.”

“అలా చెయ్యకుండా లాగితే?”

“చాలాసార్లు ఏమీ కాదు. అందుకే జనానికి లెక్కలేదు.” పాన్ ఆమె మొహంలోకి చూశాడు. “కానీ లోపల రాయటమో చెరపటమో జరుగుతుండగా లాగారనుకోండి, గంజి వడ్డించేవాడి చేతిలోంచి గరిటె లాక్కున్నట్టే. సగం గిన్నెలో, సగం నేల మీద. ఏది ఎక్కడ పడిందో యంత్రానికే తెలియదు.”

“మాస్టారి పెన్‌డ్రైవ్‌ అలాగే అయిందా?”

“అలాగే. వీడియోల మీద పనికిరాని చెత్త రాసి మరీ తుడిచేశారు. సగం దాకా తుడుపు పడింది, అంతలో ఎవరో లాగేశారు.”

“ఎవరో ఏమిటయ్యా!” అన్నాడు చువాంగ్. “తుడిచిన చెయ్యే లాగింది. ఆ పూట ఆంటీ వచ్చారు కదా. గేటు ముందు ఆ డొక్కు స్కూటర్ చప్పుడు వినపడగానే కుయ్‌హువాకి భయమేసి, పని మధ్యలో పీకేసింది. ఒక రకంగా మీ స్కూటరే ఈ కేసు పట్టిచ్చింది ఆంటీ. దానికి దండెయ్యాలి.”

పాన్ నవ్వాడు. వెంగ్ నవ్వలేదు. అప్పటిదాకా ఆమెకి తన సిగ్గు తప్ప ఇంకేదీ కనపడలేదు. తన చేతి తొందరకి సాక్ష్యం పాడైంది, ఆ పాపం కుయ్‌హువా మోస్తోంది. రెండు రోజులుగా లోకమంతా ఆమెకి అంతవరకే. ఇప్పుడు ఎర్ర దీపం మళ్ళీ కళ్ళముందు మిణికింది. లాగింది తను. మరి తుడుస్తున్నదెవరు?

“అంత తుడవటానికి ఎంతసేపు పడుతుంది?” అని అడిగింది.

“పెద్ద వీడియోలు. సగానికి రావటానికే గంట పైన పట్టి ఉంటుంది,” అన్నాడు పాన్.

గంట పైన. ఆ గంటలో కుయ్‌హువా ముందు గదిలో తన ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. కంప్యూటర్ గదిలో మనిషి లేడు. కుర్చీ నిండా ఉతికిన తువ్వాళ్ళు పోసి ఉన్నాయి, తనే వాటిని తోసి వెనక్కి వంగింది. తెర నల్లగా ఉంది. అయినా దీపం ఆడుతోందంటే, ఇంట్లో లేని చెయ్యి ఏదో ఇంటి బయట్నించి ఈ యంత్రాన్ని నడిపిస్తోందన్నమాట. ఆ ఒక్క ముక్క చెప్తే కుయ్‌హువా ఈ పూటే ఇంటికొస్తుంది. చెప్పాలంటే, దీపం ఆడుతుంటే నువ్వెక్కడున్నావు ఆంటీ అని చువాంగ్ అడుగుతాడు.

వెంగ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. రెండు రోజులు తన పరువు కాపాడుకున్నాననుకుంది, కాపాడింది హంతకుణ్ణి.

ఆమె యంత్రం దగ్గరకి వెళ్ళి, పెట్టె మీదున్న ఆకుపచ్చ పొట్లం తీసింది. కొబ్బరి రుచి వేసిన మొక్కజొన్న చిరుతిండి. దాని పేరుకి అర్థమే బుద్ధిగా ఉండమని. యంత్రాలు మొండికెయ్యకుండా ఆసుపత్రి నుంచి బ్యాంకు దాకా అందరూ వాటి మీద పెట్టుకునేదే. ఆకుపచ్చదే అయి ఉండాలి, విప్పకూడదు, గడువు దాటకూడదు. దాటిందా, యంత్రం అలుగుతుంది. వెంగ్ పొట్లం తిప్పి గడువు చూసింది. వచ్చే ఏడాది ఎండాకాలం దాకా ఉంది.

“ఇది కొత్తది,” అంది.

“అయితే?” అన్నాడు చువాంగ్.

“మాస్టారు పెట్టినదాని గడువు దయ్యాల నెలలోనే పోయింది. ఆయన మార్చలేదు. కుయ్‌హువా ఈ గదిలో చీపురు కూడా పెట్టదు. ఆయన పోయాక ఎవరో వచ్చి కొత్తది పెట్టారు.”

చువాంగ్ కడుపుబ్బ నవ్వాడు. “ఇల్లు దోచటానికొచ్చిన దొంగ చిరుతిండి పెట్టి వెళ్ళాడంటారా? ఆంటీ, నా సర్వీసులో ఇంత మంచి దొంగని చూళ్ళేదు.”

“దొంగ పెట్టడు. యంత్రాలతో బతికేవాడు పెడతాడు. గడువు దాటిన పొట్లం చూస్తే వాడి చెయ్యి ఊరుకోదు.”

అంటూనే ఆమె చూపు కింద నేల మీదున్న పాన్ సంచి మీద పడింది. పక్క జేబులోంచి ఆకుపచ్చ పొట్లాల అంచులు బయటికి కనిపిస్తున్నాయి. ఆ వృత్తిలో ఉన్న ఎవడి సంచిలోనైనా ఉంటాయవి. అదొక సాక్ష్యమని చువాంగ్‌తో అంటే మళ్ళీ నవ్వుతాడు. పాన్ నెమ్మదిగా కాలితో సంచిని బల్ల కిందికి జరిపాడు.

అప్పుడే చువాంగ్‌కి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ వీధి గుమ్మం వైపు వెళ్ళాడు.

*

“అక్కయ్యా, ఓ మాట,” అని పాన్ ఆమెని పెరట్లోకి తీసుకెళ్ళాడు. మాస్టారి రబ్బరు బూట్లు ఇంకా గోడవారనే ఉన్నాయి, వాటికి చెరువు బురద ఎండిపోయి ఉంది.

“మీరు మనసు కష్టపెట్టుకోకండి,” అన్నాడు పాన్, జబ్బుమనిషిని పలకరిస్తున్నట్టు. “ఎవరికైనా జరుగుతుంది. పెన్‌డ్రైవ్ కనిపిస్తే లాగేస్తాం. నేను ఎవరికీ చెప్పను.”

“ఏం చెప్పవు?”

“పీకిన చెయ్యి ఎవరిదో.”

పాన్ ఇంకాస్త దగ్గరికొచ్చాడు.

“పోనీ, మీ లాప్‌టాప్ ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగినప్పుడు వద్దని నొక్కారు, అదే అదృష్టం. పొరపాటున సరే అనుంటే మొత్తం పోయేది. ఇంత తెలివిగలవారు ఇప్పుడు మాత్రం తొందరపడతారా? మీ లాప్‌టాప్‌లో ఊరి పరువంతా ఉంది. ఏ ఇంటి పెళ్ళాం ఎప్పుడొచ్చింది, ఎవరి మొగుడు ఏ హోటల్లో దిగాడు, అన్నీ. ఈ ఇన్‌స్పెక్టర్‌ గారి భార్య ఫైలు కూడా ఉంది కదా! చదివాను. పాపం. అవన్నీ వీధిలో పడితే మిమ్మల్ని నమ్మి వచ్చినవాళ్ళు ఎక్కడ దూకి చస్తారో. మీరు నోరు మూసుకోండి, నేనూ మూసుకుంటాను. కుయ్‌హువాకి ఏమవుతుంది, మహా అయితే ఏడాది.”

వెంగ్ మాస్టారి బూట్ల పక్కన గోడ పట్టుకుంది. పెన్‌డ్రైవ్ లాగటం కుయ్‌హువా చూసింది, నిజమే. లాప్‌టాప్‌కి గుచ్చటం కుయ్‌హువా చూడలేదు. తను ఏం నొక్కిందో దేవుడే చూడాలి. లేదా ఎక్కడో కూర్చుని తన లాప్‌టాప్‌ తెర చూస్తున్నవాడు చూడాలి. ఏడాదిగా ఆ యంత్రానికి వైద్యం చేస్తున్నది వీడే.

మాస్టారి యంత్రం మీద తుడుస్తుండగా చేతిలోంచి పెన్‌డ్రైవ్ జారిపోయింది వీడికి. మరుక్షణం అదే పెన్‌డ్రైవ్ వెంగ్ లాప్‌టాప్‌లో తేలింది. పీకిందెవరో అప్పట్నుంచీ తెలిసే, కుయ్‌హువాని ఠాణాకి తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డాడు. వెంగ్ సిగ్గు వెంగ్ దగ్గరే ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డాడు. అతని నమ్మకం వమ్ము కాలేదు కూడా. అదే వెంగ్‌ని కోసేసింది.

“సరే అనండి అక్కయ్యా,” అన్నాడు పాన్.

వెంగ్ అతన్ని తప్పించుకుని ఇంట్లోకి నడిచింది.

*

చువాంగ్ ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు. ఠాణా నుంచి వచ్చిన మహిళా కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి ఉంది. వెంగ్ గది మధ్యకొచ్చి నిలబడింది. ఎన్నో ఇళ్ళలో, ఎందరో మొగుళ్ళు ఆమె ఎదుట ఇలాగే నిలబడ్డారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

“పెన్‌డ్రైవ్ పీకింది నేను,” అంది.

“ఏమిటి?”

“ఆ రోజు కుయ్‌హువా టీ పెడుతుంటే నేనే పీకాను. దీపం ఆడుతోంది, చూసి కూడా పీకాను. నా లాప్‌టాప్‌కి పెట్టి చూశాను. చెడిపోయిందని తెలిసి మళ్ళీ అక్కడే గుచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. రెండు రోజుల్నించీ మీకు చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.”

చువాంగ్ కాసేపు ఆమెని కిందికీ పైకీ చూశాడు.

“మిమ్మల్ని ఇన్నాళ్ళూ పిచ్చిదనుకున్నా ఆంటీ. పిచ్చి కాదు, పాపం అనాలి. ఒక ఆడమనిషి లాకప్‌లో ఏడుస్తుంటే మీరు రెండు పూటలా భోంచేసి పడుకున్నారా?”

“పడుకున్నాను.”

“ముప్ఫై ఏళ్ళ అనుభవం అని బోర్డు మీద రాసుకున్నారే. దాని కింద ఇదీ రాయించండి.”

“రాయిస్తాను బాబూ. మీరు ఎన్ని తిట్టినా పడతాను. కానీ లాగింది నేనైతే, తుడిచిందెవరో అడగరేం? గంట పైన తుడుపు సాగిందని పాన్ చెప్పాడు. ఆ గంటా కుయ్‌హువా నా ఎదుటే ఉంది. ఇంట్లో మూడో మనిషి లేడు. బయట్నించి ఎవడో నడిపించాడు. నా లాప్‌టాప్ ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగిందనీ, నేను వద్దని నొక్కాననీ ఇప్పుడే పెరట్లో ఒకడు నాతో చెప్పాడు. ఆ మాట నేను ఇంతవరకు నా నీడకి కూడా చెప్పలేదు.”

ఆమె పాన్ వైపు చూసింది. చువాంగ్ కూడా చూశాడు. పాన్ గుమ్మం దగ్గర ఫోన్ చేతిలో పట్టుకుని, నవ్వు చెదరకుండా నిలబడి ఉన్నాడు.

“అయ్యో, సార్! తప్పు బయటపడేసరికి పక్కవాడి మీదకి తోస్తున్నారు. నేనేమీ అనలేదు. ఆవిడ మాట, నా మాట, అంతేగా?”

“అంతే,” అన్నాడు చువాంగ్. “ఆంటీ, మీ మాటకి ఇప్పుడు విలువెంతో మీకే తెలుసు.”

తెలుసు. తన నోటితోనే తీసి పారేసుకుంది కదా. వెంగ్ తల దించుకుంది.

పాన్‌ అక్కడితో ఊరుకుంటే గట్టెక్కేవాడే. కానీ ఆమె తన మాట వినలేదన్న కసి అతనికి లోపల ఉడుకుతోంది. “సార్, ఈవిడ ఎలాంటి మనిషో మీకు తెలియదు. ఓసారి మీ ఫోన్ చూసుకోండి,” అన్నాడు.

చువాంగ్ ఫోన్ గరగరమంది. తీసి చూశాడు. చూస్తూ చూస్తూ వేలు ఆగిపోయింది. అతని మెడ ఎర్రబడింది, తర్వాత చెవులు. ఆ ఫోటోలు తీసింది తనే కాబట్టి అందులో ఏముందో వెంగ్ చూడక్కర్లేదు. పోయిన వసంతంలో, వేడినీటి బుగ్గల ఊళ్ళో, చువాంగ్ పక్కన ఆయన భార్య కాని మనిషి.

“మీ ఆవిడ డబ్బిస్తే మీ వెనక కూడా పడింది సార్,” అన్నాడు పాన్. “ఇలాంటిదాని మాట నమ్ముతారా?”

కానిస్టేబుల్ గోడకేసి చూస్తోంది. చువాంగ్ ఫోన్ తెర ఆపి, జేబులో పెట్టుకుని, పాన్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఇది ఆంటీ లాప్‌టాప్‌లోది. నీ చేతికెలా వచ్చింది?”

పాన్ నోరు తెరిచాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని తీసెయ్యటం మర్చిపోయాడు.

“చెప్పు. ఆంటీ యంత్రంలోకి చూస్తున్నావు. మాస్టారి యంత్రంలోకి కూడా ఇలాగే దూరావా?”

“ఆయన తన యంత్రంలోకి బయట్నించి వచ్చే దారి మూసేసి పెట్టుకున్నాడు సార్, అందుకే ఇంటికి రావాల్సి వచ్చింది. దారి తెరిచేసరికి ఆ ముసలామె కోటు కోసం వచ్చింది...” అని, తనేమంటున్నాడో తనకే వినపడి పాన్ ఆగిపోయాడు. “నేను చెరిపానంతే సార్. మాస్టార్ని నేను తొయ్యలేదు. ఒట్టు. చెరపమన్నారు, చెరిపాను.”

“ఎవరు చెరపమన్నారు?”

పాన్ తల అడ్డంగా ఊపాడు. కానిస్టేబుల్ వచ్చి అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“ఇప్పుడు లాక్కుని ఏం లాభం?” అన్నాడు పాన్, వెంగ్‌ని చూస్తూ. “మీదొక్కటే పంపాననుకున్నారా సార్? అక్కయ్య ఫైళ్ళన్నీ వెళ్ళిపోయాయి, ఎవరివి వాళ్ళ మొగుళ్ళకి. సరే అనమన్నాను. విన్లేదు.”

వెంగ్ చేతిసంచిలో ఫోన్ గరగరమంది. ఆగి మళ్ళీ గరగరమంది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

చువాంగ్ కానిస్టేబుల్‌తో, “వీణ్ణి జీపెక్కించు. ఠాణాకి ఫోన్ చేసి కుయ్‌హువాని ఇంటికి పంపించమను. రేపు ఆవిడ దీపం పెట్టుకోవాలి,” అన్నాడు. వెంగ్ మొహం చూడకుండానే, “పెన్‌డ్రైవ్‌లో రెండో సగం ఇంకా మిగిలే ఉండాలి. దాన్ని నేనే వీడి చేతికిచ్చాను,” అన్నాడు. ఆ చివరి మాట అనటం అతనికి చాలా కష్టమైంది.

వెంగ్ సంచిలోంచి ఫోన్ తీసింది. తెర నిండా పేర్లు. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క ఇల్లు. ప్రతి ఒక్కరికీ, నా నోట్లోంచి గాలి కూడా బయటికి పోదని ఆమె మాటిచ్చింది. ఆపెయ్యటానికి బొటనవేలు పక్క మీట మీదకి దానంతటదే వెళ్ళింది. రెండు రోజులుగా చేసింది ఇదే కదా, ఆపేసి కూర్చోవటం. వేలు తీసేసింది.

ఇంకో కాల్ మోగింది. తెర మీది పేరు చువాంగ్ కంట కూడా పడింది, అతని భార్యది కాదు, అతనెరిగిన మరో ఇల్లాలిది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

“అమ్మా, నేనే,” అంది వెంగ్ ఫోన్ ఎత్తి. “నా దగ్గర్నించే పోయింది. తప్పు నాదే.”

అవతల ఆ ఇంట్లో, ఆమె మొగుడే కాబోలు, తలుపు బయట్నించి దబదబా బాదుతున్న చప్పుడు వినిపించింది.